ఊరికే కూర్చునే హక్కు

(కార్తీకమాసంలో మార్కాపురంలో జరిగిన స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి ఇక్కడ పెద్ద పెద్ద విషయాలు మాట్లాడుకున్నాం. పలకల ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్ల కూలీ గురించి విన్నాం. భర్త పోయాక పొలం పాసుపుస్తకం తన పేరు మీదికి మార్పించుకోలేక ఆఫీసు చుట్టూ తిరుగుతున్న ఒక చెల్లెలి కథ విన్నాం. ఇవన్నీ అయ్యాక నేను లేచి కుటుంబమంతా కలిసి జలపాతం చూడ్డానికి వెళ్లడం గురించి మాట్లాడతానంటే మీలో కొందరికి నవ్వు రావచ్చు. తిండికీ నీళ్లకీ కొట్లాడుతున్న చోట షికార్ల గురించి మాట్లాడతావా అని అడగొచ్చు. ఆ ప్రశ్న సరైనదే. దానికి జవాబు చెప్పడానికే నేను మాట్లాడుతున్నాను.

మన పశ్చిమ ప్రకాశం అంటే బయటివాళ్లకు గుర్తొచ్చేది కరువు. 1970లో కర్నూలు, నెల్లూరు, గుంటూరు జిల్లాల ముక్కలు కలిపి కొత్త జిల్లా చేసినప్పుడు కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు, నెల్లూరు నుంచి కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు ఇటొచ్చాయి. మూడు జిల్లాల చివరలూ ఒక చోట చేరాయి. చివర ఉన్నవాళ్లకు ఏదైనా చివరికే అందుతుంది కదా. అయితే ఈ కరువు నేలకు పడమటి అంచున నల్లమల ఉంది, వెలిగొండలున్నాయి. ఆ కొండల్లో వానాకాలం చివర, శరత్తులో, నీళ్లు పైనుంచి కిందికి దూకుతాయి. ఎండాకాలంలో వెళితే అక్కడ రాళ్లు తప్ప ఏమీ ఉండవు. ఆశ్వయుజ, కార్తీక మాసాల్లో వాన వెలిసి, ఎండ మెత్తబడి, అడవి ఇంకా పచ్చగా ఉన్నప్పుడు చూడాలి. మనవాళ్లు వనభోజనాలను కార్తీకంలో పెట్టుకున్నది ఉసిరి చెట్టు కోసమే కాదేమో, ఈ నీళ్ల కోసం కూడానేమో అని నాకనిపిస్తుంది.

చూడదగ్గ చోట్లు రెండు చెప్తాను. ఒకటి రాచర్ల మండలంలో, నల్లమల లోపల, నెమలిగుండ్ల. అక్కడ గుండ్లకమ్మ రాతిగట్టు మీదనుంచి గుండంలోకి పడుతుంది. పక్కన రంగనాయకస్వామి గుడి. శనివారం వస్తే చుట్టుపక్కల ఊళ్ల జనమంతా అక్కడే. నెమలి తన ముక్కుతో ఆ గుండాన్ని తవ్విందని స్థలపురాణం చెబుతుంది. రెండోది చంద్రశేఖరపురం మండలంలో భైరవకోన. ఒకే కొండను తొలిచి చేసిన ఎనిమిది గుహాలయాలు, వాటి పక్కనే ఎత్తు నుంచి పడే నీటిధార. పల్లవుల కాలం శిల్పకళ ఆ గుహల్లో కనిపిస్తుందని చరిత్రకారులు చెప్తారు. కార్తీక పౌర్ణమికి అక్కడ జనం కిక్కిరిసి ఉంటారు.

ఇప్పుడొక ప్రశ్న అడుగుతాను. ఈ హాల్లో నెమలిగుండ్ల గానీ భైరవకోన గానీ చూసినవాళ్లు చెయ్యెత్తండి. సగం మందికి పైగా ఎత్తారు. మంచిది. అక్కడ వంట చెయ్యకుండా, గిన్నెలు తోమకుండా, పిల్లల వెంట పరుగెత్తకుండా, ఒక గంటసేపు ఊరికే రాయి మీద కూర్చుని నీళ్లు చూసినవాళ్లు ఎందరు? ఇప్పుడు నాకు కనిపిస్తున్న చేతులు మూడే. వాటిలో ఒకటి ఎత్తాలా వద్దా అని సగంలో ఆగింది. నేను చెప్పదలుచుకున్న విషయం ఈ రెండు లెక్కల మధ్య ఉంది.

వనభోజనం అంటే మన ఇళ్లలో ఏం జరుగుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇంటిల్లిపాదీ సంతోషంగా పోయొస్తామంటారు. ఆడవాళ్లకు ఆ సంతోషం తెల్లవారుజామున మూడింటికే మొదలవుతుంది. పదిహేను మందికి పులిహోర కలపాలి, అలసంద వడలు వెయ్యాలి, పెరుగన్నం వేరే, పిల్లలకు కారం లేనిది వేరే, మామగారికి ఉప్పు తక్కువది వేరే. గిన్నెలు, గరిటెలు, మంచినీళ్ల క్యాన్లు, చాపలు, తువ్వాళ్లు సర్దాలి. అక్కడికి పోయాక మూడు రాళ్లు పెట్టి మళ్లీ పొయ్యి రాజెయ్యాలి, ఎందుకంటే మగవాళ్లకు వేడి వేడిగా ఏదో ఒకటి ఉండాలి. వాళ్లు నీళ్లలో దిగి కేకలు పెడతారు, పైకొచ్చి చీట్లాడతారు. పిల్లలు తడుస్తారు. మనం వడ్డిస్తాం, మిగిలింది తింటాం, అంట్లు తోముతాం. తిరిగొచ్చాక తడిబట్టలు ఉతుకుతాం. ఇంట్లో చేసే చాకిరీనే అడవికి మోసుకుపోయి చేసి, మళ్లీ ఇంటికి మోసుకొస్తాం. దీన్ని విహారం అంటారు!

ఇది నా ఇంటి గొడవ, మీ ఇంటి గొడవ అనుకుంటే పొరపాటు. దేశం మొత్తానికీ లెక్కలున్నాయి. ప్రభుత్వం 2019లో, మళ్లీ 2024లో, మనుషులు రోజులో ఏ పనికి ఎంతసేపు ఖర్చు పెడుతున్నారో సర్వే చేయించింది. జీతం లేని ఇంటి పని చేసే ఆడవాళ్లు రోజుకు 2019లో 299 నిమిషాలు, 2024లో 289 నిమిషాలు ఆ పనిలోనే ఉన్నారు. అదే పని చేసే మగవాళ్లు 2019లో 97 నిమిషాలు, 2024లో 88 నిమిషాలు. అయిదేళ్లలో మనకు తగ్గింది పది నిమిషాలు. వాళ్లకూ తొమ్మిది నిమిషాలు తగ్గింది! అంటే మన పనిని వాళ్లు పంచుకోవడం వల్ల మనకు తగ్గలేదన్న మాట. పైగా ఈ మగవాళ్ల లెక్క ఇంటి పనిలో చెయ్యి పెట్టిన వాళ్లది మాత్రమే. అసలు చెయ్యే పెట్టని వాళ్లు ఈ సగటులోకి రారు. 2019 సర్వే ప్రకారం రోజులో ఏదో ఒక ఇంటి పని చేసినవాళ్లు ఆడవాళ్లలో నూటికి 81 మంది, మగవాళ్లలో నూటికి 26 మంది.

ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లకు 1948 ఫ్యాక్టరీల చట్టం వారానికి ఒక సెలవు ఇచ్చింది. అమలయ్యే చోట అమలవుతుంది, కాని చోట కొట్లాడతాం. పొయ్యి దగ్గర పనిచేసే మనిషికి వారం సెలవు ఏ చట్టంలో ఉంది? పలకల ఫ్యాక్టరీలో ఆదివారం సెలవు దొరికిన చెల్లెలు ఆ ఆదివారం వారానికి సరిపడా బట్టలుతుకుతుంది. ఆ రోజుకు సెలవని పేరొక్కటే ఉంది.

మా ఇంట్లో రెండేళ్ల కిందట దీని మీద పెద్ద చర్చే జరిగింది. నెమలిగుండ్ల వెళ్దామని మా ఇంటాయన అన్నాడు. వెళ్దాం, అయితే నావి రెండు షరతులన్నాను. ఒకటి, అక్కడ పొయ్యి వెలిగించేది లేదు. ఎవరి చద్దిమూట వాళ్లు కట్టుకోవాలి, ఎవరి డబ్బా వాళ్లు కడుక్కోవాలి. రెండు, సాయంత్రం తిరిగొచ్చాక వంట మగవాళ్లది. మా తోడికోడలు నవ్వింది. మా బావగారు మాత్రం, "పండగపూట ఈ లెక్కలేంటమ్మా" అన్నాడు. పండగపూట కాబట్టే లెక్క కావాలన్నాను. వారం రోజులు ఎడతెగని వాదం. చివరికి మా ఇంటాయన జొన్నరొట్టెలు కొనుక్కొచ్చాడు, చెనక్కాయల కారం తనే దంచాడు, అందులో ఉప్పు ఎక్కువైంది. ఎవరూ చచ్చిపోలేదు.

ఇంతకంటే కష్టమైన వాదం మా అత్తతో జరిగింది. ఆమె పుట్టిల్లు కనిగిరి వైపు. కాపురానికి వచ్చింది గిద్దలూరు వైపుకి. యాభై ఏళ్లకు పైగా నెమలిగుండ్లకు ఒక పూట ప్రయాణం దూరంలో బతికి, ఒక్కసారి కూడా దాన్ని చూడలేదు. ఎవరూ పోవద్దనలేదు, రమ్మనీ అనలేదు. "నేనేంది ఆడికొచ్చేది? బర్రెను ఎవురు చూస్తారు? ఈ మోకాళ్లతో నేను ఎక్కలేను, దిగలేను, మీరు పొయ్యిరాండి" అంది. మన అత్తలు, అమ్మలు వాడే మాటలు ఇవే. తాము లేకపోతే ఏదో ఆగిపోతుందన్న భయం వాళ్లది. తాము ఏ పనీ చెయ్యకుండా ఒక చోట కూర్చుంటే తమకు విలువ ఉండదన్న భయం ఇంకా లోపల ఉంది. పితృస్వామ్యం అంటే ఎప్పుడూ కర్ర పట్టుకుని తలుపు దగ్గర నిలబడే మగాడే కానక్కర్లేదు. "నేను రాకపోయినా ఫర్లేదులే" అని మన నోటితోనే మన చేత అనిపించడం కూడా అదే.

బర్రెను పక్కింటివాళ్లకు అప్పజెప్పాం. వెళ్లగలిగినంత దూరం ఆటోలో వెళ్లి, మా అత్తను గుండం దగ్గర్లో దిగబెట్టి, మిగిలిన వాళ్లం మధ్యలోనే దిగి అడవిలో నడిచాం. నల్లమలలో కార్తీకపు నడక ఎంత బాగుంటుందో మీకు చెప్పాలని ఉంది. రాత్రి కురిసిన మంచు తడి గడ్డి మీద ఉంటుంది. ఎండ ఆకుల మధ్య నుంచి చిల్లులు చిల్లులుగా పడుతుంది. నీళ్లు కనపడక ముందే చప్పుడు వినపడుతుంది. మా అమ్మాయి పదమూడేళ్లది, చెప్పులు చేత పట్టుకుని అందరికంటే ముందు నడిచింది. నెమ్మదిగా పో అని నేనన్నాను గానీ, వెనక్కి రా అనలేదు.

మేం గుండం దగ్గరికి చేరేసరికి మా అత్త రాయి మీద కూర్చుని ఉంది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఇన్ని నీళ్లు, ఎవురూ మొయ్యకుండానే కిందికొస్తా ఉండాయే" అంది. అప్పటికి నాకర్థం కాలేదు. మా అమ్మాయి అడిగింది, "అదేంది అవ్వా, నీళ్లెవరన్నా మోస్తారా?" అని. "మేం మొయ్యలా?" అంది ఆమె. ఆ తర్వాత చిన్నప్పుడు తమ ఊళ్లో మంచినీళ్ల బావి ఎంత దూరమో, పొద్దున మూడు కడవలు, సాయంత్రం మూడు కడవలు ఎలా తెచ్చేవాళ్లో, దగ్గర బావి నీళ్లు తాగితే పళ్లు గారకట్టి ఎముకలు వంగుతాయని ఎంత దూరం పోయేవాళ్లో మనవరాలికి చెప్పింది. నేను పెళ్లయి వచ్చిన ఇన్నేళ్లలో ఆ మాటలు నాకెప్పుడూ చెప్పలేదు. చెప్పడానికి ఆమెకు తీరిక లేదు, వినడానికి నాకు తీరిక లేదు. విరామం లేనివాళ్లకు తమ బతుకు గురించి ఆలోచించుకునే తావు కూడా ఉండదు. విరామం హక్కు అని నేననడానికి మొదటి కారణం ఇది.

మా అత్త చెప్పిన నీళ్ల కథ ఆమె ఒక్కదానిది కాదు. ఆనాటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతపు పల్లెల్లో నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల మనుషుల ఎముకలు బిగుసుకుపోతున్నాయని 1937లోనే వైద్య పరిశోధకులు రాశారు. దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించిన చోట్లలో మన నేల ఒకటి. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాముకు మించకూడదని ప్రమాణం. ఆ ప్రమాణం దాటిన బావుల మధ్య మన అమ్మమ్మలు పిల్లల్ని కన్నారు. కొండల అవతల కృష్ణమ్మ పారుతోంది. ఆ నీళ్లు ఇటు తేవడానికి పూల సుబ్బయ్య పేరు పెట్టిన వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. కొండ కింద ఒక్కొక్కటి దాదాపు 18.8 కిలోమీటర్ల పొడవున్న రెండు సొరంగాలు. మొదటిది తవ్వడం పూర్తయింది 2021లో, రెండోది 2024 జనవరిలో. 2024 మార్చి 6న ప్రాజెక్టును జాతికి అంకితం చేశారు. అప్పటికి ముంపు ఊళ్ల వాళ్ల పునరావాసమే పూర్తికాలేదు. 1996లో పుట్టిన ఆడపిల్ల 2024 నాటికి తనే బిడ్డల తల్లి అయి ఉంటుంది. ఆ నడుమ ఆమె మోసిన బిందెలకు లెక్క ఏ ప్రాజెక్టు నివేదికలోనూ ఉండదు.

ఇదే గుండ్లకమ్మ నెమలిగుండ్ల దాటాక కంభం దగ్గరికొస్తుంది. అక్కడ రెండు కొండల మధ్య కట్ట వేసి చెరువు కట్టించింది ఒక స్త్రీ అని ఈ ప్రాంతంలో తరతరాలుగా చెప్పుకుంటున్నారు. విజయనగర రాజుల కాలంలో, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ. 2020లో ఆ చెరువుకు అంతర్జాతీయ నీటిపారుదల సంఘం వారసత్వ కట్టడంగా గుర్తింపు ఇచ్చింది. నీళ్లు మోసిన ఆడవాళ్లూ, నీళ్లు నిలబెట్టించిన ఆడమనిషీ ఒకే నది ఒడ్డున ఉన్నారు. మన పిల్లలకు చరిత్ర పాఠం చెప్పడానికి ఇంతకంటే మంచి తరగతి గది ఎక్కడుంటుంది? అందుకే పిల్లల్ని తీసుకుపోవాలంటాను. మగపిల్లల్ని మాత్రమే కాదు.

ఇక భయం సంగతి. తిరిగి ఆడది చెడుతుంది, తిరక్క మగాడు చెడతాడని మనకో సామెత ఉంది. సామెతలన్నీ జ్ఞానం కాదు, కొన్ని తాళాలు. ఈ తాళం ఇంకా వేసే ఉంది. కాలేజీ మగపిల్లలు నలుగురు బండ్లేసుకుని జలపాతానికి పోతే ఎవరూ అడగరు. నలుగురు ఆడపిల్లలు పోతే, ఎవరితో పోయారు, ఎందుకు పోయారు, ఎన్నింటికి వచ్చారు అని ఊరంతా విచారణ. ఏదన్నా జరగరానిది జరిగితే నేరం చేసినవాణ్ణి వదిలేసి, అసలు అక్కడికి ఎందుకు పోయావని పిల్లనే అడుగుతారు.

ఒకసారి ఇంకో చోట, ఆ చోటి పేరు చెప్పను, నీళ్లలో దిగిన ఆడవాళ్లను గట్టు మీద నుంచి ఇద్దరు కుర్రాళ్లు ఫోన్లో తీస్తున్నారు. మాతో ఉన్న మగవాళ్లు మమ్మల్నే బయటికి రమ్మన్నారు! మేం రాలేదు. మా తోడికోడలు తడిచీరతోనే గట్టెక్కి వాళ్ల ముందు నిలబడి, "తీసిందంతా నా ముందరే తుడిపెయ్" అంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా లేచి నిలబడ్డారు. తుడిపేశారు. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో 79వ సెక్షన్ స్త్రీ గౌరవాన్ని కించపరిచే మాటను, సైగను, ఆమె ఏకాంతంలోకి చొరబడటాన్ని శిక్షించదగ్గ నేరంగా చెబుతుంది. ఇది గుర్తుపెట్టుకోండి. చట్టం తెలిసి ఉండటం ఎంత ముఖ్యమో, పక్కనున్న ఆడవాళ్లు లేచి నిలబడటం కూడా అంతే ముఖ్యం.

శరీరానికి సంబంధించిన ఇబ్బందులు ఇంకా ఉన్నాయి, సిగ్గుపడకుండా మాట్లాడుకుందాం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మరుగుదొడ్డి లేని చోట మగవాడు చెట్టు చాటుకు పోతాడు. ఆడవాళ్లం నీళ్లు తాగడం మానేస్తాం. నీళ్లు చూడ్డానికి పోయి దాహంతో తిరిగొస్తాం! బట్టలు మార్చుకోవడానికి నాలుగు తడికెల గది లేక తడిబట్టలతోనే ఇంటికొచ్చే వాళ్లెందరో. నెలసరి వస్తే, పక్కన దేవుడున్నాడు కాబట్టి పిల్లను ఇంట్లోనే వదిలెయ్యమంటారు. జలపాతం దగ్గర గుడి ఉంటే గుడికి వెళ్లేదీ లేనిదీ ఎవరిష్టం వాళ్లది. చెట్టుకీ నీళ్లకీ మైల ఏమిటి? ఆ మూడు రోజుల కోసం స్కూలు ప్రయాణాలు, ఇంటి ప్రయాణాలు మానుకున్న పిల్లలు ఈ హాల్లోనే ఎందరో ఉన్నారు.

ఇంకొకటి ఈత. మన ఊళ్లలో మగపిల్లలు బావుల్లో, చెరువుల్లో నడుముకు బెండు కట్టుకుని ఈత నేర్చుకుంటారు. ఆడపిల్లలకు నేర్పరు. అందుకే గుండాల దగ్గర మనం గట్టు మీదే కూర్చుంటాం, లేదా లోతు తెలియకుండా దిగి ప్రాణం మీదికి తెచ్చుకుంటాం. పైన కొండల్లో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తున్నా నీళ్లు ఒక్కసారిగా పెరుగుతాయి. నీళ్ల రంగు మారి, ఆకులు చెత్త కొట్టుకొస్తుంటే వెంటనే గట్టెక్కాలి. పాచి పట్టిన రాళ్ల మీద పరుగెత్తకూడదు, తాగినవాళ్లను నీళ్లలో దిగనివ్వకూడదు. ఇవన్నీ పిల్లలకు చెప్పాలి. ఈ ప్రమాదాలున్నాయని ఇంట్లో కూర్చోమనడం తేలిక. ఈత నేర్పడం కష్టం. మనం కష్టమైనదే అడుగుదాం.

మనం వినోదానికి పోయే ఆ అడవి ఇంకొకరి ఇల్లని కూడా మరిచిపోకూడదు. నల్లమల చెంచుల అడవి. పులుల అభయారణ్యం కూడా. 1983లో దాన్ని పులుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. మనం ఒక్కరోజు ఎక్కే దారిలో చెంచు అక్కలు తేనెకీ, గడ్డలకీ, కట్టెలకీ రోజూ తిరుగుతారు. మనకు విహారస్థలం అయినది వాళ్లకు పనిస్థలం. మనం పారేసి వచ్చే ప్లాస్టిక్ పళ్లేలు, సీసాలు వాళ్ల నీళ్లలో పడతాయి. 2006 అటవీ హక్కుల చట్టం పెళ్లయిన వాళ్లకు భూమి పట్టాను భార్యాభర్తలిద్దరి పేరా ఇవ్వాలని 4వ సెక్షన్లో చెబుతుంది. ఒంటరిగా ఇల్లు నడుపుతున్న మనిషికి ఆమె పేరు మీదే ఇవ్వాలి. అటవీ హక్కుల కమిటీల్లో మూడో వంతు స్త్రీలుండాలి. మైదానంలో ఉన్న మనలో ఎంతమందికి భర్తతో పాటు పట్టాలో పేరుంది? ఈ విషయంలో అడవి చట్టం మన ఇళ్ల ఆచారం కంటే ముందుంది. అది కాగితం మీద ఉండిపోకుండా చూడటానికి చెంచు అక్కల పక్కన మనం నిలబడాలి.

వనభోజనాల గురించి ఇంకో మాట. ఈ మధ్య కాలంలో కార్తీక వనభోజనాలు కులాల వారీగా జరుగుతున్నాయి. ఫలానా కులం వనభోజన మహోత్సవం అని ఫ్లెక్సీలు కడుతున్నారు. చెట్టు కింద అందరూ కలిసి తినాల్సిన భోజనాన్ని కూడా కంచె వేసి పంచుకుంటున్నాం. ఆ కంచె లోపల ఆడవాళ్ల పని మళ్లీ వంటే, వడ్డనే. స్త్రీల సంఘాలుగా మనం కులం లేని వనభోజనం పెట్టుకోగలమా? పెట్టుకుంటే అదే ఒక ఉద్యమం అవుతుంది.

మొదట అడిగిన ప్రశ్నకు వస్తాను. ఇది హక్కా? 1948 డిసెంబర్ 10న ఐక్యరాజ్యసమితి ప్రకటించిన మానవ హక్కుల పత్రంలో 24వ అధికరణం విశ్రాంతి, విరామం ప్రతి మనిషి హక్కు అంటుంది. స్త్రీల మీద వివక్షను రూపుమాపే అంతర్జాతీయ ఒడంబడిక 13వ అధికరణంలో వినోదం, ఆటలు, సాంస్కృతిక జీవితంలో పాల్గొనే హక్కును స్త్రీలకు సమానంగా ఇవ్వాలని ఉంది. మన దేశం 1993 జులై 9న దాన్ని ఆమోదించింది. కాబట్టి ఇది ఎవరో ఇచ్చే పర్మిషన్ కాదు, మన ప్రభుత్వం సంతకం పెట్టి ఒప్పుకున్న మాట.

హక్కు ఉందని తెలిసినవాళ్లు ఏం చేశారో ఒక ఉదాహరణ చెప్తాను. ఐస్‌లాండ్ అని ఉత్తరాన ఓ చిన్న దేశం. 1975 అక్టోబర్ 24న, అదీ శరత్కాలమే, అక్కడి స్త్రీలు నూటికి తొంభై మంది ఒక రోజు సెలవు పెట్టారు. ఆఫీసు పనికీ సెలవే, ఇంటి వంటకీ, పిల్లల పెంపకానికీ సెలవే. సమ్మె అనలేదు, సెలవు అనే అన్నారు. బడులు, దుకాణాలు, ఫ్యాక్టరీలు నిలిచిపోయాయి. తండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని పనికి పోయారు. మరుసటి ఏడాదే అక్కడ సమానత్వ చట్టం వచ్చింది. అయిదేళ్లకు, 1980లో, ఆ దేశం ఒక స్త్రీని అధ్యక్షురాలిగా ఎన్నుకుంది. ఆడవాళ్లు ఒక్కరోజు ఊరికే కూర్చుంటే దేశం ఎవరి భుజాల మీద నడుస్తోందో అందరికీ తెలిసింది. చాకిరీ కంటికి కనపడదు, అది ఆగినప్పుడే కనపడుతుంది.

మన రాష్ట్రంలో 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. చార్జీ లేదన్న సాకు ఒకటి పోయింది. ఇక మిగిలినవి ఇంటి సాకులు, దారి సాకులు. వాటి గురించి ఈ సమావేశం తరఫున కొన్ని అడుగుదామని నా ప్రతిపాదన. కార్తీకమాసంలో జనం పోయే ప్రతి జలపాతం దగ్గరా ఆడవాళ్లకు మరుగుదొడ్డి, బట్టలు మార్చుకునే గది, తాగే నీళ్లు ఉండాలని పంచాయతీలకు అర్జీలు పెడదాం. రద్దీ రోజుల్లో అక్కడ మహిళా పోలీసు ఉండాలని అడుగుదాం. వెళ్లడానికే కాదు, చీకటి పడకముందు తిరిగి రావడానికి కూడా బస్సు ఉండాలని అడుగుదాం. ప్రతి మండలంలో ఆడపిల్లలకు ఈత నేర్పమని అడుగుదాం. ఇవి ప్రభుత్వాన్ని అడగాల్సినవి.

ఇంట్లో అడగాల్సింది ఒకటే. నెలకు ఒక రోజు. ఆ రోజు ఎక్కడికి పోతామో, ఎవరితో పోతామో, ఏమీ చెయ్యకుండా పడుకుంటామో మన ఇష్టం. దానికి జ్వరం రానక్కర్లేదు, పుట్టింట్లో చావు జరగనక్కర్లేదు. ఇప్పటిదాకా మన ఇళ్లలో ఆడవాళ్లకు సెలవు దొరికేది ఆ రెండింటికే. మూడోది మనమే రాసుకోవాలి. మొదట ఒకరం మొదలుపెడితే ఊరు నవ్వుతుంది. పదిమందిమి కలిసి మొదలుపెడితే ఊరు అలవాటు పడుతుంది.

వచ్చే సమావేశంలో మళ్లీ ఇదే ప్రశ్న అడుగుతాను. అప్పుడు మూడు కంటే ఎక్కువ చేతులు లేవాలి. సగంలో ఆగిన చెయ్యి పూర్తిగా లేవాలి.

సెలవు.